ఎస్తేరు లేని రిహార్సలు

చలపతిది మంచి గొంతు. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు.

ఏలూరు దగ్గర ఒక కాలేజీలో నాటకశాఖ చివరి సంవత్సరం చదువుతున్నాడు. మాట పలికే తీరుకు మార్కులిచ్చే వాచికం పరీక్షలో రెండేళ్లూ అతనే ఫస్టు. మాట ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ విరవాలో స్క్రిప్టులో ముందే పెన్సిల్ గీతలు పెట్టుకునేవాడు. ఆ గీత దాటి ఒక్క అక్షరం పోయేది కాదు.

ఆ ఏడు కాలేజీల పోటీకి వేస్తున్న నాటకంలో అతనిది అన్న వేషం. జైలు నుంచి విడుదలై ఇంటికొచ్చిన అన్న. తలుపు తీసే చెల్లెలుగా ఎస్తేరు అనే మొదటి సంవత్సరం అమ్మాయి చేస్తోంది. అన్నకు పేజీలకు పేజీలు మాటలున్నాయి. చెల్లెలికి ఉన్నవి చాలా కొద్ది.

రిహార్సల్స్ సగంలో ఉండగా చలపతి హుసేన్ మాస్టారి గదికి వెళ్లాడు. ఆ శాఖలో అందరికన్నా పెద్దాయన ఆయనే. మాట్లాడటం నేర్పే మనిషి ఇంత తక్కువ మాట్లాడతాడేమిటని కొత్తగా చేరినవాళ్లు నవ్వుకునేవారు.

"మాస్టారూ, ఎస్తేరుతో కుదరడం లేదు."

ఆయన కళ్లజోడు తీసి, చెప్పమన్నట్టు చూశారు.

"నిన్న అన్నట్టు ఇవాళ అనదు. ఒకరోజు మెల్లగా అంటుంది, ఒకరోజు గబుక్కున అనేస్తుంది. ఒక్కోసారి ఏమీ అనకుండా నిలబడి చూస్తుంది. నా మాట ఎప్పుడు ఎత్తుకోవాలో తెలియడం లేదు. సీను దెబ్బతింటోంది."

"మార్చమంటావా?"

"పోటీ దగ్గరికొచ్చేసింది కదండీ. ఎవరు చేసినా ఇంతకన్నా నయం."

"సరే. రేపు ఎస్తేరు లేకుండా చేద్దాం."

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని చలపతి అనుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు ఎస్తేరును పిలిచి వేదిక కింద కూర్చోమన్నారు. ఎందుకో చెప్పలేదు. ఆమె అడగలేదు. హాల్లో మిగతావాళ్లకు విషయం ముందే తెలిసినట్టుంది, ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. నాటకాల చదువు వద్దని తండ్రి ఎంత చెప్పినా పట్టుబట్టి చేరిన పిల్ల. వేషం పోతే మొదటి ఏడే ప్రాక్టికల్ పరీక్ష తప్పుతుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని వేదిక వైపే చూస్తూ కూర్చుంది.

"చెల్లెలుగా ఎవరు చేస్తున్నారు మాస్టారూ?" అని అడిగాడు చలపతి.

"ఇవాళ్టికి ఎవరూ లేరు. ఉందనుకుని చెయ్యి."

చలపతి చేశాడు. ఖాళీ గుమ్మం వైపు తిరిగి మాట్లాడాడు. చెల్లెలి మాటలు రావలసిన చోట వాటికి పట్టేంతసేపు ఆగి, తన మాట అందుకున్నాడు. ఎక్కడా తొట్రుపాటు లేదు. సీను అయిపోగానే స్నేహితులు చప్పట్లు కొట్టారు.

అతను చెమట తుడుచుకుంటూ మాస్టారి దగ్గరికి దిగి వచ్చాడు.

"ఎలా ఉందండీ?"

"బాగా చెప్పావు. నిన్నటి మీద ఇవాళ ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదు మాస్టారూ. ఒక్క విరుపు కూడా మారలేదు. ఆ అమ్మాయి ఉన్నా లేకపోయినా నా సీను ఇలాగే ఉంటుంది."

"అవును," అన్నారు మాస్టారు. "ఇలాగే ఉంది."

చెప్పులు తొడుక్కుని ఆయన వెళ్లిపోయారు.

స్నేహితులు చలపతిని క్యాంటీనుకు తీసుకెళ్లారు. పోటీలో బహుమతి అతనిదేనని ఒకడు అన్నాడు. చలపతి నవ్వాడు. టీ సగం తాగాక, 'ఇలాగే ఉంది' అన్న మాస్టారి మాట గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఏమైందిరా అని వాళ్లు అడుగుతుంటే, గ్లాసు అక్కడే పెట్టి హాలు వైపు నడిచాడు.

ఎస్తేరు ఇంకా అక్కడే ఉంది. బ్యాగు సర్దుకుంటోంది.

"రేపు రిహార్సలుకు రా," అన్నాడు.

"మాస్టారు చెప్పారా?"

"లేదు. నేనే అడుగుతున్నాను. ఆయనతో నేను చెప్పుకుంటాను."

ఆమె బ్యాగు జిప్పు వేసింది. "ఒక్కోరోజు ఒక్కోలా అంటున్నానని చెప్పారట కదండీ. నాకు మళ్లీ అలాగే వస్తుంది."

"ఎందుకలా వస్తుంది?"

ఎస్తేరు బ్యాగు భుజానికి తగిలించుకుంది. "మీరు గుమ్మంలోకి ఎలా వచ్చారో చూసి అంటానండీ," అంది.

చలపతి వేదిక మీది ఖాళీ గుమ్మం వైపు తిరిగి చూశాడు.

మర్నాడు సీను మొదటి నుంచి పెట్టారు. ఎస్తేరును మళ్లీ వేదిక మీద చూసి మాస్టారు ఏమీ అడగలేదు.

చలపతి తలుపు తట్టాడు. ఆమె తీసింది. అతను మొదలుపెట్టాడు. జైలు గోడల సంగతి, తను లేనప్పుడు పోయిన తండ్రి సంగతి చెప్పుకుంటూ వస్తున్నాడు.

"అన్నం తిన్నావా?" అంది ఎస్తేరు.

ఆ మాట స్క్రిప్టులో మొదటి నుంచీ ఉన్నదే. రోజూ ఆ చోట చలపతి ఊపిరి పీల్చుకునేవాడు. ఇవాళ పీల్చుకోలేదు. ఆమె ముఖం కేసి చూశాడు. ఆమె జవాబు కోసం చూస్తోంది. నిజంగానే చూస్తోంది.

"తిన్నాను," అన్నాడు.

స్క్రిప్టులో ఉన్న మాట అదే. కానీ అతను తినలేదని హాల్లో అందరికీ తెలిసిపోయింది.

తర్వాతి మాట అతనికి రాలేదు. వేదిక మీద ఇద్దరూ అలాగే నిలబడ్డారు. మాట అందించడానికి పక్కన కూర్చున్న క్లాస్‌మేటు స్క్రిప్టులో వేలు పెట్టి, అందించమంటారా అన్నట్టు మాస్టారి వైపు తిరిగింది.

ఆయన చెయ్యి అడ్డం ఊపారు.

"ఉండనీ," అన్నారు.