వలిసెపూలకు పసుపు అంటిన ఉదయం

ఒకప్పుడు వలిసెపూలు తెల్లగా ఉండేవి. తెల్లగా అంటే మల్లెపూల తెలుపు కాదు, బియ్యం కడిగిన నీళ్ళ రంగు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉన్న పొలాల్లో నడుమెత్తున పూసి, చలికాలమంతా ఊరికే ఊగుతూ ఉండేవి. వాటిని ఎవరూ ఆగి చూసేవారు కాదు. తేనెటీగలు మాత్రం మొహమాటానికి వచ్చిపోయేవి.

ఆ రోజుల్లో మంచు కూడా ఇప్పటిలా లోయలోకి దిగేది కాదు. కొండ కొన మీద ఒక్కతే కూర్చుని ఉండేది. కింద ఎవరెవరు ఏం చేస్తున్నారో చూడటమే దాని పని.

కింద చూడటానికి చాలానే ఉండేది. కొండ నడుమున చల్లపుట్టు అనే ఊరుంది. ఎండలకు వేగిపోయిన పల్లం జనం చల్లగాలి కోసం ఆ ఊరికి ఎక్కి వచ్చేవారు. వాళ్ళు దిగడానికి ఊరివాళ్ళు గడ్డి కప్పిన విడిది పాకలు కట్టి ఉంచారు. ఏ కాలానికి ఆ పండుగ చేసేవారు. చైత్రంలో విత్తనాల పండుగ. మామిడి పండినప్పుడు కొత్త మామిడి పండుగ. వానల్లో ఏటి పండుగ, అప్పుడు జలపాతం పెట్టే గోలలో ఎవరి పాట వాళ్ళకే వినిపించేది కాదు. ఇక చలికాలంలో వలిసెల పండుగ.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పండుగకు వచ్చిన చుట్టానికి ఊరి మొగదలలోనే పసుపునీళ్ళతో కాళ్ళు కడగాలి. కడిగేదాకా ‘ఎవరు నువ్వు, ఎక్కడినుంచి వచ్చావు’ అని అడగకూడదు. కాళ్ళు పూర్తిగా పచ్చబడేదాకా చెంబు ఆపకూడదు. కాళ్ళకు పసుపు లేనివాళ్ళు ఎంత గొప్పవాళ్ళయినా సరే, ఆటలాడే బయల్లో అడుగుపెట్టకూడదు.

వలిసెల పండుగలో కాళ్ళు కడిగే పని బుదరి అనే పిల్లది. ఆ చలిలో చన్నీళ్ళు ముట్టుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. బుదరి మాత్రం అడిగి మరీ తీసుకుంది. దానికో కారణం ఉంది. ఆమె అప్ప సుకిరి ఆ పండుగకు వచ్చేది. అప్ప అంటే అక్క. ఆ కొండవాళ్ళు అలాగే అంటారు.

సుకిరిని పల్లంలో ఇచ్చారు. ఆమె అత్తగారు చెడ్డ మనిషేం కాదు గానీ, కోడలు ఒక్క పూట కనబడకపోతే ఇల్లు కూలిపోతుందనుకునే రకం. చైత్రంలో చింతపండు గింజలు తియ్యాలి అనేది. మామిడికాలంలో పచ్చళ్ళు పెట్టాలి అనేది. వానల్లో నాట్లు ఉండనే ఉన్నాయి. “కోతలయ్యాక పోదువులే. పండగంటే పంపుతాను, ఊరికే పంపను” అనేది. అలా ఏడాదికి ఒక్కసారి, వలిసెల పండుగ నాడే, సుకిరి కొండెక్కి వచ్చేది. అప్ప కాళ్ళు కడుగుతూ బుదరి ఏడాది మాటలన్నీ చెప్పేసేది. అందుకే ఆ కాళ్ళు కడగడానికి అందరికన్నా ఎక్కువసేపు పట్టేది.

ఒక ఏడు పండుగ దగ్గరపడుతుండగా ఊరి నాయుడు అందరినీ పిలిచాడు. ఆయన పేరు డొంబ్రు. ఊరికి పెద్ద. ఆశ్వయుజం నుంచి మాఘం దాకా ఆయన చెవులు ఎవరికీ కనబడేవి కావు, గొంగడి కప్పుకునే ఉండేవాడు.

“పోయినేడు ఎంతమంది వచ్చినారు? ఏడుగురు” అన్నాడు నాయుడు. “అందులో ఇద్దరు సంటిపిల్లలు. వండిన కూడంతా పందులు తిన్నాయి. ఈ సలిలో, ఈ తెల్లపూలు సూడ్డానికి ఎవులొస్తారు? ఈ యేడు కూడా పాకలు ఖాళీగుంటే ఇంకీ పండగ వద్దు. మనకి మూడు పండగలు సాలు.”

అందరూ తల ఊపారు. బుదరి మాత్రం ఊపలేదు. పండుగ లేకపోతే అత్తగారు పంపదు. అత్తగారు పంపకపోతే అప్ప రాదు. ఇంకో ఏడు, ఆపై ఇంకో ఏడు, అలా అప్ప మొహమే మరిచిపోతానేమో అనుకుంది. ఆ ఊహకే ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అయినా పని పనే కదా. బుదరి ఇంటింటికీ తిరిగి గుప్పెడు గుప్పెడు పసుపుకొమ్ములు అడిగి తెచ్చింది. కొత్త పసుపు తవ్వడానికి ఇంకా రెండు నెలలుంది, కాబట్టి ఊళ్ళో మిగిలిన పసుపంతా అదే. మూడు రోజులు రోట్లో దంచింది. జల్లెడ పట్టింది. ఏటినుంచి నీళ్ళు మోసుకొచ్చి పెద్ద బానలో కలిపింది. బాన నిండా పచ్చటి నీళ్ళు చూస్తే ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

పండుగ రోజు తెల్లవారుతోంది. బుదరి ఊరి మొగదలలో బాన పక్కన పీట వేసుకుని కూర్చుంది. కంచె మీద ఆమె కోడిపుంజు కూర్చుంది. ఆ పుంజుకు తను కూయకపోతే తెల్లవారదని గట్టి నమ్మకం.

అప్పుడు కొండమీదినుంచి ఎవరో వస్తూ కనిపించారు. బూడిదరంగు దుప్పటి నిలువునా కప్పుకున్నారు. మొహం తెలియడం లేదు. నడుస్తున్నట్టూ లేదు, ఆగినట్టూ లేదు. నిద్రలో నడిచివచ్చినట్టు మెల్లగా వచ్చి బుదరి ముందు నిలబడ్డారు.

“చుట్టమై వచ్చాను” అంది వచ్చినావిడ. ఆ గొంతు ఎంత మెత్తగా ఉందంటే, విన్నానా అనుకున్నానా అని బుదరికే అనుమానం వచ్చింది.

“వచ్చినావా అవ్వా, రా. ఇలా రాతి మీద కాళ్ళు పెట్టు” అంది బుదరి.

చుట్టం దుప్పటి అంచు కాస్త ఎత్తింది. బుదరి చెంబుతో పసుపునీళ్ళు పోసింది. కాళ్ళు కనబడలేదు, చల్లదనం మాత్రం వేళ్ళకు తగిలింది. మళ్ళీ పోసింది. నీళ్ళు కింద పడటం లేదు. ఎంత పోసినా ఆ దుప్పటి అంచులోకే ఇంకిపోతున్నాయి. ఒక కాలు అయిందనుకుంటే పక్కన ఇంకో కాలు. అది అయిందనుకుంటే దాని వెనక ఇంకొకటి.

“బుదరీ, ఇది మామూలు చుట్టం కాదే” అంది కోడిపుంజు. “ఎవరో అడుగు.”

“కడిగేదాకా అడగకూడదు” అంది బుదరి.

“అయితే చాలించు. బాన సగమయింది.”

“పచ్చబడేదాకా ఆపకూడదు.”

పుంజు విసుక్కుని అటు తిరిగి కూర్చుంది. బుదరి పోస్తూనే ఉంది. ఆ చుట్టం హాయిగా కళ్ళు మూసుకున్నట్టు అనిపించింది. చుట్టూ ఏ చప్పుడూ లేదు. ఏరు కూడా గులకరాళ్ళ మధ్య గొంతు తగ్గించుకుని పారుతోంది. బుదరికి తను ఎక్కడుందో, ఎంతసేపయిందో తెలియలేదు. చివరకు చెంబు బాన అడుగుకు తగిలి ఠంగుమంది.

బానలో ఒక్క చుక్క లేదు.

“అయిపోయాయి” అంది చుట్టం నిదానంగా. “నా కాళ్ళు పచ్చబడ్డాయి. ఇప్పుడు అడుగు, నేనెవరినో.”

“ఎవులమ్మా నువ్వు?” అంది బుదరి.

“నేను మంచును. కొండ కొన మీద ఉంటాను. మీ పండుగలన్నీ పైనుంచే చూస్తాను. ఒక్కసారైనా మీ ఆట దగ్గరగా చూడాలని దిగి వచ్చాను. కొన మీద కనబడితే చాలు, అందరూ ‘అబ్బా, మంచు’ అని తలుపు వేసుకుంటారు. ఎవరని అడగకుండా నా కాళ్ళు కడిగింది నువ్వొక్కదానివే.”

బుదరి ఖాళీ బానను చూసి భోరుమంది. మంచుకు ఏమీ అర్థం కాలేదు.

“నేనేం తప్పు చేశాను?”

“నువ్వేటీ సెయ్యలేదు. నీకు కడిగినందుకు నాకేటీ బాధ లేదు” అంది బుదరి వెక్కుతూ. “ఊళ్ళో పసుపంతా అయిపోనాది. ఇప్పుడు మా అప్ప వస్తాది. ఆమె కాళ్ళకి పసుపేదీ? పసుపు లేకపోతే బయల్లోకి రానీరు. పండగే లేకపోతే, ఇంక ఎప్పటికీ రాదు.”

అంతలో తూర్పు కొండ వెనకనుంచి సూర్యుడు నుదురు బయటపెట్టాడు.

“మంచూ, నువ్విక్కడేం చేస్తున్నావు? నేను వచ్చేస్తున్నాను. నువ్వుంటే కరిగిపోతావు” అన్నాడు.

“ఆట చూద్దామని వచ్చాను.”

“ఆట నేనొచ్చాకే మొదలవుతుంది. మనిద్దరికీ ఒకేచోట కుదరదు, నీకు తెలియనిదా?”

సూర్యుడు కోపంగా అనలేదు. ఆయనకూ జాలిగానే ఉంది. కానీ పొద్దు ఆపడం ఆయన చేతిలో లేదు.

“బుదరీ, నీ పసుపు నా దగ్గరే ఉంది. ఎలా తిరిగివ్వాలో నాకు తెలియదు” అంది మంచు. ఆ మాట అంటూనే గబగబా కొండెక్కడం మొదలుపెట్టింది. ఎండ తగలకుండా దారి వదిలి, పొలాలకు అడ్డంపడి, ఒక మెట్టు మీదినుంచి ఇంకో మెట్టు మీదికి పరుగెత్తింది. దానికి ఒకటా రెండా, వేల కాళ్ళు. అన్నీ పసుపునీళ్ళలో తడిసిన కాళ్ళే. ఆ కాళ్ళు తెల్లటి వలిసెపూల మీద పడుతూ వెళ్ళాయి. కొండకు అటువైపున్న పొలాలనూ వదలలేదు, ఇటువైపు పల్లం దారి పక్కనున్నవాటినీ వదలలేదు.

ఎండ వచ్చింది. బుదరి కళ్ళు తుడుచుకుని చూసింది.

కొండవాలంతా పచ్చగా ఉంది. అడుగు మెట్టునుంచి ఆకాశం దాకా, పెళ్ళికూతురి చీరలా, ఎటు చూసినా పసుపే. ఒక్క తెల్లపువ్వు మిగల్లేదు. ప్రతి పువ్వు మీదా తడి మెరుస్తోంది. పుంజు కూయడం మరిచిపోయి నోరు తెరిచి చూసింది. అది కూయకుండానే తెల్లవారిందని ఆ రోజు ఊరందరికీ తెలిసిపోయింది.

దూరంగా, కింద మలుపు దగ్గర, చీమల్లా జనం కనబడ్డారు. ఆ చలికి విసిగి వెనక్కి మళ్ళుతున్నవాళ్ళు ఆగిపోయారు. ఒకళ్ళకొకళ్ళు చేతులతో చూపించుకున్నారు. బండిదారి వదిలేసి పూలలోకి దిగారు. కింద ఊళ్ళలోంచి ఇంకొందరు, వాళ్ళ వెనక మరికొందరు వస్తూనే ఉన్నారు.

డొంబ్రు నాయుడు పరుగున వచ్చాడు. “పిల్లా, సూసినావా, ఎంతమందో! పసుపు సిద్ధం సెయ్యి” అంటూ బానలోకి తొంగిచూశాడు. “పసుపేదే?”

బుదరి ఉన్నదున్నట్టు చెప్పింది. మంచుకు కాళ్ళు కడిగేశానంది.

నాయుడి మొహం వాడిపోయింది. “తల్లీ, నువ్వు పద్ధతి తప్పలేదు. అది నిజమే. కానీ నానూ తప్పకూడదు గదా. పసుపు లేని కాలు బయల్లో పెట్టనిస్తే, రేపు ఏ పద్ధతీ నిలబడదు. ఆళ్ళకి దండం పెట్టి ఇక్కడినుంచే పంపీయాల” అన్నాడు.

బుదరి తల వంచుకుంది. వచ్చేవాళ్ళలో ముందు అప్పే ఉంటుందని ఆమెకు తెలుసు. అప్ప ఎప్పుడూ అందరికన్నా ముందే వస్తుంది. ఏ మొహంతో వెళ్ళిపొమ్మని చెప్పాలో తెలియక నేలచూపులు చూస్తూ నిలబడింది.

అందుకే ఆమెకు ముందుగా అప్ప మొహం కనబడలేదు. కాళ్ళు కనబడ్డాయి. ఎడమకాలి చిటికెనవేలు మీద చిన్నప్పటి కొడవలి మచ్చ ఉన్న కాళ్ళు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. మోకాళ్ళ దాకా పచ్చగా ఉన్నాయి.

“ఏటే బుదరీ, ఈ యేడు ఊరంతా పసుపు సల్లీసినావా?” అంది సుకిరి నవ్వుతూ. “పూలల్లోంచి నడిచి వచ్చినాం, సూడు. నువ్వు కడగక ముందే ఎవులో కడిగీసినారు.”

నాయుడు వంగి చూశాడు. ఆమె వెనకున్న ముసలాయన కాళ్ళు చూశాడు. ఆయన భుజం మీదినుంచి దిగి నడిచొచ్చిన మనవడి కాళ్ళు చూశాడు. వరసలో ఉన్న ప్రతి కాలూ చూశాడు. వెతికి వెతికి చూసినా, పసుపు అంటని వేలు ఒక్కటి దొరకలేదు. ఆయన నిటారుగా నిలబడి, చెవుల మీదినుంచి గొంగడి తీసేశాడు.

“తుడుము కొట్టండి” అన్నాడు వాయించేవాళ్ళ వైపు తిరిగి.

బుదరి అప్పను కౌగిలించుకుని ఏడ్చింది. ఆ ఏడు ఆమె చెప్పాల్సిన మాటలన్నీ కాళ్ళు కడుగుతూ కాదు, భుజం మీద తల పెట్టుకుని చెప్పింది. విడిది పాకలు చాలక జనం అరుగుల మీద కూడా దిగారు. పందులకు ఆ రోజు గంజి కూడా దక్కలేదు.

పొద్దు వాలుతుండగా బుదరి కొండ కొన వైపు తిరిగింది. “అవ్వా, పైయేడు తెల్లారకముందే రా. సూర్యుడు లేవకముందే నీకోసం ఒక ఆట ఆడతాం” అని పిలిచి చెప్పింది.

మరుసటి ఏడు మంచు వచ్చింది. అప్పాచెల్లెళ్ళు దాన్ని నడుమ నిలబెట్టుకుని, చేతులు వెనక్కి గొలుసుగా కలుపుకుని, పొద్దు పొడిచేదాకా ధింసా ఆడారు. పొద్దు పొడవగానే మంచు పూల మీదుగా కొండెక్కి వెళ్ళిపోయింది. ఆ ఏడు సుకిరి అత్తగారు కూడా వచ్చింది. కాళ్ళు పచ్చగా చేసుకుని, “ఊరికే రాలేదమ్మా, పండగని వచ్చినాను” అంది.

అప్పటినుంచే వలిసెపూలు పసుప్పచ్చగా పూస్తున్నాయి. అప్పటినుంచే చలికాలం మంచు తెల్లవారకముందే లోయలోకి దిగివస్తుంది, పొద్దెక్కగానే పూలన్నీ తడిపి మెల్లగా కొండెక్కుతుంది. ఇవాళ్టికీ పొద్దున్నే ఆ పొలాల్లో నడిస్తే ఎవరి కాళ్ళకైనా తడి అంటుతుంది, పసుపు అంటుతుంది. నువ్వెవరు, ఎక్కడినుంచి వచ్చావని ఆ పూలు ఎవరినీ అడగవు.