కళాయి పోయిన మాటలు

మంత్రిగారికి ప్రకటనలు రాసిపెట్టేవాడు ఓబులేసు. జిల్లాలో ఏ ఘోరం జరిగినా ఆయన నోట వచ్చే మాట వీడిదే. మర్నాడు పేపర్లలోనూ అదే, టీవీల్లోనూ అదే. పదేళ్లుగా అదొక గర్వం వాడికి. నిజం చెప్పొద్దూ, ఆ గర్వం చింతలవాగు దగ్గర మట్టికొట్టుకుపోయింది.

ఆ వాగు ఏటా పొంగుతుంది. ఏటా మనుషులు కొట్టుకుపోతారు. ఏటా మంత్రిగారు వచ్చి వంతెన కట్టిస్తామంటారు. పోయినేడు ఆయన మైకులో "యుద్ధప్రాతిపదికన..." అన్నాడో లేదో, ముందు వరసలోంచి రామక్క అనే ముసలామె "చర్యలు తీసుకుంటాం!" అని పూర్తిచేసింది. జనం పగలబడి నవ్వారు.

ఈ ఏడు వాగు ముగ్గురిని మింగింది. అందులో ఒకడు రామక్క మనవడు.

మధ్యాహ్నం మంత్రి వస్తాడనగా, పొద్దున్నే ఓబులేసు కాగితం పట్టుకుని తన గురువు దగ్గరికి పరిగెత్తాడు. మౌలాలి తాత ఊరిబయట దర్గా చూసుకునే ఫకీరు. కూటి కోసం ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత, అదే కళాయి, వేస్తుంటాడు.

"తాతా, పాత మాటలకు జనం నవ్వుతున్నారు. కొత్తవి చెప్పండి, కాస్త మెరిసేవి."

"ఏదీ, రాసింది చదువు."

"ఈ దుర్ఘటన మమ్మల్ని తీవ్రంగా కలచివేసింది. బాధ్యులు ఎంతటివారైనా వదిలిపెట్టే ప్రసక్తే లేదు. చట్టం తన పని తాను చేసుకుపోతుంది..."

"తిన్నావా?" అన్నాడు తాత.

"లేదు తాతా."

తాత మూలనున్న ఇత్తడి గిన్నె తీశాడు. బయటంతా చింతపండు రుద్ది తళతళలాడేట్టు తోమాడు. వేడివేడి పులుసు అందులో పోసి, సంగటి ముద్దతో పాటు వాడి ముందు పెట్టాడు.

ఓబులేసు గిన్నెలోకి తొంగిచూసి వెనక్కి జరిగాడు. "అయ్యో! దీని కళాయి ఎప్పుడో పోయింది. ఇందులో పులుసు తింటే కడుపులోకి చిలుము విషమే పోతుంది!"

"బయట మెరుస్తోంది కదరా."

"మెరిస్తే ఏంటి తాతా, తినేది లోపలిది కదా!"

"మరి రామక్కకు పెడుతున్నావే."

ఓబులేసు చేతిలోని కాగితం వంక చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే ఏం రాయమంటారు?"

"కళాయి వేసేముందు గిన్నెనైనా గీకుతాం నాయనా."

తాత అడుగుతూ పోయాడు, వాడు చెబుతూ పోయాడు. బాధ్యులెవరు? మేమే. చట్టం ఏం పని చేసింది? ఏమీ చేయలేదు. అడిగిన ప్రతిసారీ ఒక వాక్యం కొట్టేశాడు. చివరికి కాగితం మీద చనిపోయినవాళ్ల పేర్లు మూడు మిగిలాయి. కింద ఒక్క వాక్యం మాత్రం కొత్తగా రాసుకున్నాడు.

సభలో మంత్రి కాగితం విప్పాడు. మైకు మీద చెయ్యి పెట్టి, పక్కనున్న ఓబులేసుతో "మిగతాదేదిరా?" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"గీకేశాను సార్."

"రేపట్నుంచి నీకు ఉద్యోగం ఉండదు!"

"తెలుసు సార్."

మంత్రి కాగితం విసిరేసి కంఠతా వచ్చిందే అందుకున్నాడు. "ఈ దుర్ఘటన మమ్మల్ని..."

ఓబులేసు కాగితం ఏరుకుని, వేదిక మీద రెండో మైకు దగ్గరికి నడిచాడు. ఒక్కో పేరూ చదివాడు. "ఏటా వంతెన కడతామన్నాం, కట్టలేదు." ఆపైన తన మాటగా అన్నాడు: "ఆ మాటలన్నీ రాసింది నేనే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మనవడి పేరు విన్న రామక్క లేచి నిలబడింది. ఆమె వెనకే సభ మొత్తం లేచి, మంత్రి వైపు చూస్తూ నిలబడిపోయింది.

సాయంత్రం ఓబులేసు ఉద్యోగం పోగొట్టుకుని దర్గాకు వచ్చాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. తాత అదే గిన్నెలో పులుసు పోసి ముందుకు జరిపాడు. అంచున కొత్త కళాయి తెల్లగా కనిపిస్తోంది.

"ఇప్పుడు తిను" అన్నాడు.