చుక్కలు వేసిన డాక్టరు

కంటి వైద్యంలో నాకు తెలియనిది లేదు. తెర మీద ఉన్నంతసేపు. అదే కన్ను మనిషి మొహంలో ఉంటే మాత్రం కాస్త తికమకపడతాను.

డాక్టర్లు ఇంట్లోనే కూర్చుని చేసే రెండేళ్ల ఆన్‌లైన్ పీజీ కోర్సు నాది. పాఠాలన్నీ ఒకటిన్నర రెట్ల వేగంతో విన్నాను. పరీక్షలో తొంభై ఆరు వచ్చాయి. ఇక మిగిలింది ఒక పెద్ద డాక్టరు దగ్గర మూడు నెలలు రోగుల్ని చూసి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకోవడమే. అలా పలాస దగ్గర ఒక చిన్న కంటాసుపత్రిలో మెహరున్నీసా మేడమ్‌కి శిష్యుణ్ణయ్యాను. ఆవిడ రోజుకి పది మాటలు మాట్లాడతారు. తొమ్మిది రోగులకి, ఒకటి నాకు.

మూడో నెలలో అప్పయ్యమ్మ వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే మనిషి. చూపు మసగ్గా ఉందంది. కంటి లోపలి పొర చూడాలంటే చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చెయ్యాలి. వేశాను, చూశాను, శుక్లం అని రాసి పంపేశాను.

చుక్కలకి ముందు ఒక పనుంది. పక్కనుంచి టార్చి వేసి, కంటి ముందుభాగం ఇరుకుగా ఉందేమో చూడాలి. ఇరుకు కంట్లో చుక్కలు పడితే లోపలి నీరు బయటికి పోలేక కన్ను బిగుసుకుపోతుంది. ఆ పాఠం నేను విన్నాను. అందులో మార్కులు కూడా వచ్చాయి.

మూడో రోజు ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. రెండు రోజులుగా తలనొప్పి, వాంతులు. మేడమ్ సాయంత్రం దాకా ఆమె దగ్గరే ఉన్నారు. ఎడమ కన్ను దక్కింది. కుడి కన్ను పోయింది.

మర్నాడు లాగ్‌బుక్ పట్టుకెళ్లాను. గడువు ఆ వారమే.

"మేడమ్, ఇలాంటిది ఏ వెయ్యిమందిలో ఒకరికో కదండీ జరిగేది. నా బ్యాడ్ లక్. మీరు సంతకం పెట్టేస్తే..."

"కూర్చో."

రోగుల స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ టార్చి తీసి పక్కనుంచి నా కుడి కంట్లోకి వేశారు. తర్వాత ఎడమ కంట్లోకి. ఆర్పేశారు.

"ఎంతసేపు పట్టింది?"

"అర నిమిషం, మేడమ్."

అప్పుడు చుక్కల సీసా తీసి నా రెండు కళ్లలోనూ వేశారు.

"కోటు ఇలా ఇచ్చెయ్. మందు దిగేదాకా బయట బెంచీ మీద కూర్చో."

వరండా నిండా ఎండ. కళ్లు తెరవలేకపోయాను. ఫోన్ చూస్తే అక్షరాలు లేవు, తెల్లటి మరకొకటి ఉంది. మంచినీళ్ల కోసం లేచి పూలకుండీని తన్నాను. ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు బాబూ, ఇటు మెట్టుంది. నాకు ఒక్క కన్నైనా ఉంది, పద."

ఆమె మొహం మీద కట్టు తెల్లగా కనిపించింది. గొంతు గుర్తుపట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఓపీలో నాకు మాస్కు ఉండేది.

అప్పయ్యమ్మ నీళ్లు పట్టిచ్చింది. వెనక్కి తెచ్చి కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది.

"నీకూ సుక్కలేసినారేటి?"

"వేశారమ్మా."

"ఎవులు? ఆ కుర్ర డాట్రేనా?"

నేను గ్లాసు ఎత్తి నీళ్లు తాగాను. ఔననుకుంది.

"నొప్పెడితే ఇంటికెల్లిపోకు బాబూ. ఇక్కడే కూకో. అలగని నాకెవులూ సెప్పనేదు. ఎండ తగిలిందనుకుని తొంగున్నాను."

సాయంత్రానికి మందు దిగింది. మేడమ్ కోటు తిరిగి ఇచ్చారు. సంతకం మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ అడగలేదు. అప్పయ్యమ్మ ఆ తర్వాత నాలుగుసార్లు ఆసుపత్రికొచ్చింది. కోటూ మాస్కూ తీసేసి బెంచీ దగ్గరికి వెళ్తే, వచ్చినప్పుడల్లా నా కళ్లు ఎలా ఉన్నాయని అడిగేది.

బాగానే ఉన్నాయనేవాణ్ణి. ఆ కుర్ర డాక్టరు నేనేనని మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.