బూదవ్వ కంత

ఇది ఇప్పటి మాట కాదు. మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పిన నాటికే పాత మాట. ఊకొట్టేవాళ్ళు ఊకొట్టండి, కునికేవాళ్ళు కునకండి.

ఒక ఊళ్ళో కోటలాంటి గడి ఒకటి ఉండేది. గడిలో ఒక దొర ఉండేవాడు. ఆ గడిలో ఎన్ని గదులున్నాయో దొరకే సరిగా తెలియదు. బియ్యం కొట్టు, బెల్లం కొట్టు, మిరపకాయల కొట్టు, బట్టల గది, గిన్నెల గది, దొరసాని గది. ప్రతి తలుపుకూ ఒక తాళం, ప్రతి తాళానికీ ఒక చెవి. ఆ చెవులన్నీ బూదవ్వ నడుముకు వేలాడేవి.

బూదవ్వ ముసలిది. మొగుడు లేడు, పిల్లలు లేరు. తెల్లవారితే తలుపులు తీసేది, పొద్దుగూకితే వేసేది. ఆమె నడుస్తుంటే గుత్తి గలగలమనేది. ఆ చప్పుడు విని పనివాళ్ళు నవ్వుకుంటూ, గడే నడిచొస్తోంది అనేవాళ్ళు.

దొరకు అనుమానం పట్టుకుంది. బెల్లం తగ్గిందన్నాడు. బియ్యం తగ్గాయన్నాడు. మిరపకాయలు తగ్గాయన్నాడు. ఏవీ తగ్గలేదు. ఆయన మనసుకు అట్లా తోచింది, అంతే. కమ్మరి ఈశ్వరయ్యను పిలిపించి, గడిలో తాళాలన్నీ ఒకే చెవితో తెరుచుకునేలా చెయ్యమన్నాడు.

ఈశ్వరయ్య మంచి పనివాడు. ప్రతి తాళాన్నీ విప్పి మళ్ళీ చేశాడు. ఏ చిన్న చెవి అయినా దాని తాళానికే పడుతుంది. పెద్ద చెవి అన్నిటికీ పడుతుంది. చిన్నవి బూదవ్వ దగ్గర, పెద్దది దొర దగ్గర ఉండాలని చెప్పాడు. దొర పెద్ద చెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. పెద్దది ఉండగా చిన్నవెందుకని, బూదవ్వ నడుమున ఉన్న గుత్తి విప్పించి కొలిమిలో వేయించాడు. మరో చెవి చెయ్యనని ఈశ్వరయ్య చేత కొడుకు నెత్తిమీద ఒట్టు పెట్టించాడు.

బూదవ్వ చేతికి చీపురు వచ్చింది.

ఎండాకాలం వచ్చింది. ఒకనాటి పొద్దున దొర చుట్టాల పెళ్ళికి బయలుదేరాడు. బండి కట్టి ఉంది. ఇదివరకైతే అన్ని తలుపులూ వేసేసరికి బూదవ్వకు పూట పట్టేది. ఇప్పుడు ఒకే చెవి కదా, దొర చకచకా తలుపులు లాగి తాళాలు తిప్పుకుంటూ పోయాడు. ఏ గదిలోకీ తొంగి చూడలేదు.

మిరపకాయల కొట్టులో సాయవ్వ ఉంది. తొడిమలు తీసే మనిషి, పచ్చి బాలింత. చంటిబిడ్డను బయట ఉయ్యాలలో వేసి, లోపల మూలన కూర్చుని పని చేసుకుంటోంది. తలుపు గాలికి మూసుకుందనుకుంది. లేచి వచ్చి నెట్టేసరికి బండి ఊరు దాటింది.

ఆ కొట్టుకు కిటికీ లేదు. లోపలంతా ఎండుమిరప ఘాటు. సాయవ్వ దగ్గు మొదట గట్టిగా వినిపించింది. తర్వాత సన్నగా వినిపించింది. బయట బిడ్డ పాలకు ఏడుస్తోంది.

బూదవ్వ కావలి సాంబయ్య దగ్గరకు పోయి తలుపు పగలగొట్టమంది. దొర తలుపు మీద గొడ్డలి వేస్తే నా మెడ ఉంటుందా అన్నాడు సాంబయ్య.

"చెవి దొర మొలకున్నది. నేనేం చేత్తు?"

కమ్మరి ఈశ్వరయ్య దగ్గరకు పోయి, ఇంకో చెవి చెయ్యమని కాళ్ళు పట్టుకుంది. ఈశ్వరయ్య కొడుకు మీద పెట్టిన ఒట్టు సంగతి చెప్పాడు.

"చెవి దొర మొలకున్నది. నేనేం చేత్తు?"

దొరసాని కిటికీ కిందకు పోయి మొరపెట్టుకుంది. దొరసాని ఊచలు పట్టుకుని అంతా విన్నది. విని ఏడ్చింది.

"నా గదికి గూడ తాళమేసే పోయిండు బూదవ్వా. చెవి దొర మొలకున్నది. నేనేం చేత్తు?"

బూదవ్వ ఇంకెవరినీ అడగలేదు. పశువుల కొట్టంలోంచి గడ్డపార తెచ్చింది. తలుపు జోలికి పోలేదు. కొట్టు వెనక్కి పోయి మట్టిగోడ తవ్వడం మొదలుపెట్టింది. మూరెడు మందం గోడ అది. ఊరంతా వచ్చి నిలబడింది. అయ్యో అన్నవాళ్ళున్నారు. కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు. గడ్డపార అందుకున్నవాళ్ళు లేరు.

ఆమె చేతులు బొబ్బలెక్కి చిట్లాయి. పొద్దు వాలేసరికి చెయ్యి పట్టేంత కంత పడింది. చెయ్యి లోపలికి పెడితే ఇంకో చెయ్యి దాన్ని పట్టుకుంది. దీపాల వేళకు మనిషి పట్టేంత అయింది. బూదవ్వ సాయవ్వను భుజాలు పట్టి బయటకు లాగింది. సాయవ్వకు కళ్ళు తెరుచుకోలేదు. తడుముకుంటూ ఉయ్యాల దాకా పోయింది గానీ, ఒంటినిండా మిరపదుమ్ము, బిడ్డను ముట్టుకోవడానికి భయపడింది. బూదవ్వ నీళ్ళు పోసి కడిగాకే బిడ్డకు పాలిచ్చింది.

దొర తిరిగొచ్చాడు. తాళాలన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. గోడకు కంత ఉంది. లోపల ఎవరున్నారని ఆయన అడగలేదు. బతికారా అని అడగలేదు. ఎవరు తవ్వారని అడిగాడు. జనం తలలు దించుకున్నారు. సాంబయ్య వేలు చూపించాడు.

"నేనే దొరా. నీ తాళం ముట్టలే. మనిషి కోసం గోడ తీసిన," అంది బూదవ్వ.

"అట్లనా. ఇగ ఈ కంతకు తాళం నువ్వే. ఆడనే కూసో."

దొర గోడ పూడ్చనివ్వలేదు. బూదవ్వ కంతకు అడ్డంగా కూర్చుంది. ఎండలో కూర్చుంది. వానలో కూర్చుంది. చలిలో కూర్చుంది. వీపు వెనక మిరప ఘాటు. దగ్గు పట్టుకుని వదల్లేదు. సాయవ్వ ఒక్కతే బిడ్డను చంకనేసుకుని జొన్న గటక తెచ్చి పెట్టేది. మిగతావాళ్ళు ఆ దారి మానేసి చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. ఒకనాడు సాయవ్వ గటక తెచ్చేసరికి బూదవ్వ తల కంతలోకి వాలి ఉంది. పిలిస్తే పలకలేదు.

దొరకేమీ కాలేదు. పిడుగు పడలేదు, పాము కరవలేదు. కడుపునిండా తిని, ముసలివాడై, మంచం మీదే పోయాడు. ఇక్కడికొచ్చేసరికి వినే పిల్లలు అలుగుతారు. ఏం చెయ్యను, జరిగింది ఇదే. ఆయన పేరేమిటని అడుగుతారు. ఎవరికీ తెలియదు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఎవరు కొట్టు కట్టుకున్నా వెనక గోడలో ఒక కంత విడుస్తారు. దాన్ని బూదవ్వ కంత అంటారు. ఇంటావిడ బయట నుంచి మోచేతి దాకా చెయ్యి పెట్టాలి. లోపల నుంచి ఒకరు ఆ చెయ్యి పట్టుకోవాలి. అప్పుడే గింజలు లోపలికి చేరుస్తారు. కంతలోంచి ఎలుకలు దూరతాయి, వానజల్లు కొడుతుంది. అయినా పూడ్చరు.

ఎందుకని పిల్లలు అడుగుతారు. ముసలివాళ్ళు ఎప్పుడూ ఒకటే చెబుతారు.

"ఆమె తవ్వుతుంటే మనోళ్ళందరు నిలబడి చూసిండ్రు బిడ్డా."