వెనక సీటు

ఓబులేసు పడేసింది తన బండిని కాదు, గురువుగారి బండిని. పడేసినప్పుడు వెనక సీటు మీద గురువుగారు కూడా ఉన్నారు.

ఆ గురువుగారి పేరు కంబగిరి స్వామి. అనంతపురం జిల్లాలో ఒక రాళ్లగుట్ట పక్కన కొన్ని రేకుల గదులు, ఒక బోరింగు, నీడకు రెండు వేపచెట్లు. అదే ఆయన ఆశ్రమం. ఆయన ఉపన్యాసాలు చెప్పేవారు కాదు. గురువారం వస్తే గుట్టకు అవతల ఉన్న కాలనీకి పోయేవారు. అక్కడ కుష్ఠు వ్యాధి ఎప్పుడో నయమైపోయిన ముసలివాళ్లు ఉండేవారు. జబ్బయితే పోయింది గానీ పాదాలకు స్పర్శ తిరిగి రాలేదు. ముల్లు దిగినా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. అందుకని పుండ్లు పడేవి. స్వామి ఆ పుండ్లు కడిగి, మందు రాసి, కట్టు కట్టి వచ్చేవారు. సేవ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే చేతికి బేసిన్ ఇచ్చి వెంట తీసుకుపోయేవారు.

ఆ కాలనీకి బస్సు లేదు. ఆటోవాళ్లు దాని పేరు చెబితేనే మేం రామనేవారు. స్వామిని తీసుకుపోయేది ఒక పాత జావా. ఎప్పుడో చనిపోయిన ఒక రైల్వే డ్రైవరు, ఆయన భక్తుడు, ఆశ్రమానికి వదిలిపోయిన బండి. కిక్కు కొట్టిన రాడ్డునే ముందుకు తిప్పి గేరు వేసుకునే పాతకాలపు రకం. ఓబులేసు రాకముందు అది వారంలో సగం రోజులు మొరాయించేది.

ఓబులేసు గుంతకల్లులో మామ మెకానిక్ షెడ్డులో పెరిగినవాడు. ఆశ్రమానికి వచ్చిన కొద్ది రోజులకే ఆ బండిని దారికి తెచ్చాడు. అప్పటి నుంచి స్వామిని ఎక్కించుకుని పోవడం అతని పనైంది. ధ్యానంలో కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కేవి, కునుకు వచ్చేది. బండి ఎక్కితే మాత్రం తనను మించిన శిష్యుడు లేడనిపించేది.

ఆ రోజు కాలనీ నుంచి దిగి వస్తున్నారు. మలుపు దగ్గర రైతులు రోడ్డు నిండా ఉలవ కట్టె పరిచి ఉన్నారు, బండ్లు తొక్కితే గింజలు రాలతాయని. ఓబులేసు దూరం నుంచే చూశాడు.

"నిదానం రా," అన్నారు స్వామి.

"నాకు తెలుసు సామీ," అన్నాడు ఓబులేసు. వేగం తగ్గించలేదు.

ఉలవ కట్టె మీదికి చక్రం ఎక్కగానే కింద రోడ్డు లేనట్టే అయింది. బండి పక్కకు ఒరిగి, జారుకుంటూ పోయి కల్వర్టు గోడకు కొట్టుకుంది. ఓబులేసుకు మోచేతులు గీరుకుపోయాయి, అంతే. లేచి చూస్తే స్వామి రోడ్డు పక్కన కూర్చుని ఎడమకాలు పట్టుకుని ఉన్నారు. మోకాలి కింద కాలు ఉండాల్సిన తీరులో లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎట్లా జరిగిందని అడిగింది.

"ఉలవల మీద జారినాం తల్లీ," అన్నారు స్వామి.

జారినాం అన్నారు. ఓబులేసు తలుపు దగ్గర నిలబడి ఆ మాట విన్నాడు. దానికంటే నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు.

కాలికి పిండికట్టు వేసి స్వామిని ఆశ్రమానికి తెచ్చారు. బండిని ఎవరిదో ట్రాక్టరులో వేసుకుని తెచ్చారు. ముందు ఫోర్కులు వంగిపోయాయి. రిమ్ము ఎనిమిది అంకెలా మెలి తిరిగింది. పెట్రోలు ట్యాంకు ఒక పక్క లోపలికి పోయింది. హెడ్‌లైటు ఉండాల్సిన చోట వైర్లు వేలాడుతున్నాయి. ఓబులేసు దాన్ని వేపచెట్టు కిందికి తోసుకుపోయి, ఆ మధ్యాహ్నమే విప్పడం మొదలుపెట్టాడు.

తర్వాత అతనికి అదే లోకమైంది. ఫోర్కులను గుంతకల్లు తీసుకుపోయి మామ షెడ్డులో ప్రెస్సు మీద పెట్టి నిలువుగా చేయించాడు. చక్రానికి కొత్త స్పోకు పుల్లలు కూర్చి, తిప్పుతూ, ఒక్కొక్కటి బిగిస్తూ, రిమ్ము వంకర లేకుండా తిరిగేదాకా కూర్చున్నాడు. ట్యాంకు లోపలి నుంచి ఇనుప కడ్డీతో నెమ్మదిగా తట్టి సొట్ట తీశాడు. బెంగళూరు పాత సామాన్ల బజారంతా తిరిగి ఆ రకం హెడ్‌లైటు సంపాదించాడు. ఇంజను పూర్తిగా దించి, దానికి పడిన పగులు అతికించి, లోపల భాగాలన్నీ కిరసనాయిలులో కడిగి, తుడిచి, గుడ్డ మీద వరసగా పేర్చుకుని మళ్లీ బిగించాడు.

స్వామి అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని చూస్తూ ఉండేవారు. పడిన సంగతి ఒక్కసారీ ఎత్తలేదు.

ఒక రోజు సాయంత్రం ఓబులేసు కిక్కు కొట్టాడు. మూడోసారికో నాలుగోసారికో ఇంజను అందుకుంది. పొగ కక్కింది, కాసేపు దగ్గింది, ఆ తర్వాత నిలకడగా మోగింది. ఆశ్రమంలో వంట చూసే సుంకులమ్మ చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. స్వామి ముఖం విప్పారింది.

"నడుస్తుందా?" అని అడిగారు.

"నడుస్తాది సామీ. కానీ ఇంగా పని ఉండాది. బ్రేకు లైనర్లు మార్చాల."

బ్రేకు లైనర్లు మార్చాడు. మార్చాక క్లచ్చు కేబులు మీద అనుమానం వచ్చింది. అది కూడా మార్చాక, ట్యాంకు రంగులో రెండు పక్కలకూ తేడా ఉందని మొత్తం గీకేసి మళ్లీ వేశాడు. బండి ఎర్రగా నిగనిగలాడింది. అతను దాన్ని స్టాండు మీదే ఉంచి ఇంజను ఆడించేవాడు, వినేవాడు, ఆపేవాడు. మీద పాత దుప్పటి కప్పేవాడు. ఎక్కి గేటు దాకా కూడా పోలేదు.

ఈలోగా స్వామి కాలికి కట్టు విప్పారు. చేతికర్ర పట్టుకుని ఆశ్రమంలో తిరుగుతున్నారు. గుట్ట ఎక్కి కాలనీకి నడిచేంత బలం ఇంకా రాలేదు. అన్నాళ్లూ వీలైనప్పుడల్లా సుంకులమ్మే నడిచిపోయి కట్లు కట్టి వచ్చేది. ఆమెకూ మోకాళ్ల నొప్పులు. ఒకసారి పోయి వచ్చి చెంబెడు నీళ్లు తాగి, స్వామి దగ్గర కూర్చుంది.

"హుసేనమ్మ కాలు బాగలేదు సామీ. పుండు లోతుకు పోయింది. వాసన కొడతాంది. పెద్దాసుపత్రికి పోదాం రమ్మంటే, కాలు తీసేస్తారు, నేను రాను, సామి వచ్చి చూసి పొమ్మంటే పోతా అంటాంది."

స్వామి ఓబులేసు వైపు చూడలేదు. కానీ ఓబులేసు వేపచెట్టు కింద నుంచి అంతా విన్నాడు. అన్నం తినకుండా వెళ్లి, దుప్పటి తీసి, బాగా నడుస్తున్న ఇంజనును మళ్లీ విప్పడానికి స్పానర్ పట్టుకున్నాడు.

సుంకులమ్మకు ఒళ్లు మండింది. "నిన్న బాగానే మోగింది కదరా?"

"శబ్దంలో తేడా ఉండాది అక్కా."

"నాకు వినపడలేదే."

"నాకు వినపడతాంది."

మర్నాడు గురువారం. ముందు రోజు చీకటి పడడంతో ఒక్క నట్టూ విప్పలేదు. పొద్దున్నే ఓబులేసు వచ్చి స్పానర్లు పరుచుకుంటుంటే, స్వామి చేతికర్రతో నిదానంగా చెట్టు కిందికి వచ్చారు. భుజానికి మందుల సంచి ఉంది. కర్ర చెట్టుకు ఆనించి, సీటు పట్టుకుని, బాగున్న కాలి మీద బరువు మోపి, ఎట్లాగో వెనక సీటు మీదికి ఎక్కి కూర్చున్నారు. బండి స్టాండు మీదే ఉంది.

ఆయన కాసేపు కూర్చుని దిగిపోతారేమో అనుకున్నాడు ఓబులేసు. సైడు కవరు నట్టు విప్పబోయాడు. స్వామి మోకాలు అడ్డం వచ్చింది. చుట్టూ తిరిగి రెండో పక్కకు పోయాడు. అక్కడ రెండో మోకాలు ఉంది. ఆయన సంచి ఒళ్లో పెట్టుకుని గుట్ట వైపు చూస్తున్నారు. ఎండ ఆకుల్లోంచి దిగి ట్యాంకు మీద పడింది. సుంకులమ్మ రాగి జావ తెచ్చింది. స్వామి వెనక సీటు మీదే కూర్చుని తాగి, గ్లాసు తిరిగి ఇచ్చారు. ఆమె ఓబులేసును ఒకసారి చూసి లోపలికి పోయింది.

"సామీ," అన్నాడు ఓబులేసు చివరికి. "మీరు దిగితే ఆ కవరు విప్పుతా."

"నేను దిగను. నువ్వు ఎక్కు."

ఓబులేసు స్పానర్ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. ఏదో ఒక నట్టు పేరు చెబుదామనుకుని, స్పానర్ గుడ్డ మీద పెట్టేశాడు. నేల మీద కూలబడ్డాడు.

"బండికేమీ లేదు సామీ," అన్నాడు. "ఎప్పుడో బాగైపోయింది. నాకే భయమేస్తాంది. కండ్లు మూస్తే మీ కాలు కనపడతాంది. బండి నాది కాదు, మీరు నా వెనక కూచోవద్దు. వేరే ఎవరినైనా పిలిపించండి సామీ."

స్వామి మందుల సంచిని ఒళ్లో సర్దుకున్నారు.

"నాకూ భయమే రా," అన్నారు. "కాలు ఇంగా గుంజుతాంది. పొద్దున్నుంచి రెండుసార్లు ఈ సంచి తగిలించుకుని, రెండుసార్లు తీసి పెట్టినా."

ఓబులేసు తలెత్తాడు. ఆయన నవ్వడం లేదు. ఉన్న మాటే చెబుతున్నారు.

"మరి ఎట్లా ఎక్కినారు సామీ?"

"పోయినసారి నీకు భయం లేదు, నాకూ లేదు. పడినాం. ఈసారి ఇద్దరికీ ఉంది. పోదాం పా."

ఓబులేసు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. బండి స్టాండు మీద నుంచి దించి, కాలు వేసి ఎక్కాడు. కిక్కు కొడితే మొదటిసారికే అందుకుంది. రాడ్డు ముందుకు తిప్పి గేరు వేశాడు. గేటు దాటేటప్పుడు రెండుసార్లు బ్రేకు నొక్కి చూసుకున్నాడు.

స్వామి చెయ్యి అతని భుజం మీద ఉంది. ఇదివరకు ఎప్పుడూ ఆయన సీటు కింద పట్టీ పట్టుకునేవారు. గుంత వస్తే ఆ చెయ్యి బిగుసుకునేది, దాటాక వదులయ్యేది. ఓబులేసుకు ఆ చెయ్యి తప్ప ఇంకేమీ తెలియలేదు. రాయి కనపడితే నిదానించాడు. మేకలు అడ్డం వస్తే ఆపేసి, అవన్నీ దాటేదాకా ఆగి, కదిలాడు. కల్వర్టు దగ్గర మలుపులో రోడ్డు మీద ఏమీ లేదు. అయినా గేరు తగ్గించి, మనిషి నడిచే వేగంలో తిప్పాడు. భుజం మీది వేళ్లు గట్టిగా నొక్కాయి. మలుపు దాటాక, ఇద్దరి ఊపిరీ ఒక్కసారే బయటికి వచ్చినట్టయింది. ఓబులేసుకు నవ్వు వచ్చింది. వెనక స్వామి నవ్వుతున్నారని అప్పుడు తెలిసింది.

కాలనీలో బండి శబ్దం వినగానే ముసలివాళ్లంతా గుడిసెల ముందుకు వచ్చారు. స్వామి ఓబులేసు భుజం పట్టుకుని నేరుగా హుసేనమ్మ మంచం దగ్గరికి పోయి, నేల మీద కూర్చుని, ఆమె కాలు ఒళ్లోకి తీసుకున్నారు. కట్టు విప్పారు. వాసనకు ఓబులేసు ఊపిరి బిగబట్టాడు. స్వామి పుండు కడిగి, చుట్టూ కుళ్లిన చర్మం కత్తిరించి, వంగి లోపలికి చాలాసేపు చూశారు.

"ఎముకకు అంటలేదు," అన్నారు. "కానీ ఇక్కడ మానేది కాదు. రేపు పెద్దాసుపత్రికి పోతావు. కాలు తీయరు. ఇంగా ఆలస్యం చేసింటే తీసేవాళ్లు. నేను చెప్తాండా కదా, పో."

హుసేనమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకుంది. "పోతా సామీ," అంది. ఆ పక్క గుడిసె ముందు కూర్చున్నావిడ కూడా కండ్లు తుడుచుకుంది. ఓబులేసు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఎన్నాళ్లనుంచో గుండెల మీద మోస్తున్న రాయిని ఎవరో దించినట్టుంది.

కొంచెం తేరుకున్నాక హుసేనమ్మకు కోపం గుర్తొచ్చింది. "ఇన్ని దినాలు రాకుండా ఏమి చేస్తాండారు సామీ?"

"బండి బాగు చేస్తాండాం."

ఆమె మంచం మీద నుంచే మెడ చాచి, ఎండలో మెరుస్తున్న ఎర్రటి బండిని చూసింది. "అయితే బాగైందా?"

స్వామి ఓబులేసు వైపు తిరిగారు.

"బండి బాగైంది అవ్వా," అన్నాడు ఓబులేసు. ఆపైన తల వంచుకుని అన్నాడు, "నాకే, ఇంగా కొంచెం భయం ఉండాది."

స్వామి కొత్త గుడ్డ చించి ఆమె పాదం చుట్టూ చుడుతూ అన్నారు:

"ఉండనీలే. తిరిగి పోయేటప్పుడు పనికొస్తాది."