సందేహాల డబ్బా

సాలూరులో మందుల షాపు పైగదిలో ఇంగ్లీషు క్లాసులు చెప్పే వామనమూర్తి మాస్టారికి ఎవరేం చెప్పినా ముందు అందులో తప్పు వెతికే జబ్బు ఉండేది. ఎదురింటాయన కూతురి పెళ్లి శుభలేఖ తెచ్చి ఇస్తే, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, రెండు తప్పులకి సున్నాలు చుట్టి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాడు. పెళ్లి ఏ రోజో చూసుకోవడం మాత్రం మరిచిపోయాడు. ఆ తరువాత ఆ వీధిలో ఆయన్ని ఎవరూ దేనికీ పిలవలేదు. టీకొట్టు దగ్గర ఆయన కనబడితే జనం గ్లాసులు పట్టుకుని పక్క బల్ల మీదికి జరిగేవారు.

మాస్టారికి పెళ్లాంపిల్లలు లేరు. ఆదివారం వచ్చిందంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు విప్పే పనే పడేది కాదు. ఎవరైనా వచ్చి కాసేపు కూర్చుంటే బాగుండునని ఆయనకీ ఉండేది, పాపం. కానీ వచ్చినవాళ్లని కూర్చోనిచ్చేదెక్కడ?

ఆయన క్లాసులో ఒక పద్ధతి ఉండేది. నోటితో అడగడానికి సిగ్గుపడేవాళ్ల కోసం గుమ్మం పక్కన ఒక పాత బిస్కెట్ల డబ్బా పెట్టాడు. సందేహం చీటీ మీద రాసి, సొంతంగా ఒక ఇంగ్లీషు వాక్యం జోడించి అందులో వేయాలి. మర్నాటికి మాస్టారు దిద్ది ఇచ్చేవాడు. ‘సిన్స్’ ఎప్పుడు, ‘ఫర్’ ఎప్పుడు, ‘ద’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానేయాలి, ఎన్నేళ్లు గడిచినా అవే ప్రశ్నలు. అయినా ఆయన ఏనాడూ విసుక్కోలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ ఏడాది క్లాసులో అప్పలస్వామి అనే బస్సు కండక్టరు చేరాడు. యాభై దాటినవాడు. పై ఉద్యోగం వస్తే రిపోర్టులు ఇంగ్లీషులో రాయాలని అతని బెంగ. భార్య పోయి రెండేళ్లయింది. రోజంతా కిక్కిరిసిన బస్సులో తిరిగి, ఇంటికెళ్లి వండుకుని ఒక్కడే తినేవాడు. క్లాసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా అతను బల్లలు సర్దుతూ ఉండిపోయేవాడు. తరువాత ఇద్దరూ కలిసి మెట్లు దిగేవారు. పెద్దగా మాటలు ఉండేవి కావు. అయినా ఆ కాసేపటి కోసం మాస్టారు పొద్దున్నుంచీ ఎదురుచూసేవాడు. ఆయనకి ఈ ఊళ్లో మిగిలిన మనిషి అతనొక్కడే.

అప్పలస్వామి చీటీ డబ్బాలో రోజూ ఉండేది. ఆదివారాలు నేను ఒంటరిగా భోజనం చేస్తాను, ఈ వాక్యం సరైనదేనా అని ఒకనాడు రాశాడు. మా పెరట్లో ములక్కాయలు విరగగాశాయి, మీకు ఇష్టమేనా అని ఇంకోనాడు రాశాడు. మాస్టారు క్రియ సరిచేసి, కామా పెట్టి ఇచ్చేవాడు. తనకి ములక్కాయలంటే ప్రాణమని చెప్పాలని మాత్రం తోచలేదు.

ఒక సోమవారం కాస్త పెద్ద చీటీ వచ్చింది. నాకు పై ఉద్యోగం ఇచ్చి వేరే ఊరు వేశారు, గురువారం పొద్దున్న పదింటి బస్సుకి వెళ్తున్నాను, మీరు బస్టాండుకి వస్తారా అని ఉంది అందులో. చివరి వాక్యంలో మాటల వరస తప్పిందని మాస్టారు ఎర్రగీత కొట్టి, పదిసార్లు రాయమని పక్కన రాశాడు. అప్పలస్వామి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు గుండ్రటి అక్షరాలతో రాసి తెచ్చాడు. మీరు బస్టాండుకి వస్తారా, మీరు బస్టాండుకి వస్తారా అని పది వరసలు. మాస్టారు కింద పెద్ద టిక్కు పెట్టాడు. అతను ఇంకా నిలబడే ఉన్నాడు.

“ఇప్పుడు ఒక్క తప్పు లేదోయ్,” అన్నాడు మాస్టారు సంతోషంగా.

గురువారం సాయంత్రం అతని చోటు ఖాళీ. శుక్రవారమూ ఖాళీయే. మాస్టారు ఒక్కడే మెట్లు దిగాడు. శనివారం ఉండబట్టలేక డిపోకి వెళ్లి అడిగాడు. అక్కడి కంట్రోలరు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

“మాస్టారంటే మీరేనా అండీ? మీరొస్తారని బస్సు పది నిముషాలు ఆపించీసేడు. పాసింజర్లు గోల పెడితే అప్పుడెక్కేడు.”

మాస్టారు అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. ఆ ప్రశ్నని పదిసార్లు చదివాడు, ఒక్కసారీ వినలేదు. కంట్రోలరు దగ్గర కొత్త డిపో అడ్రసు తీసుకుని, ఇంటికెళ్లి తెలుగులో నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. క్షమించమన్నాడు. ఒక్క ఆదివారం భోజనానికి రమ్మని బతిమాలాడు.

పదిహేను రోజులకి జవాబు వచ్చింది, ఇంగ్లీషులో. మీ ఉత్తరం అందింది, నేను క్షేమం, మీరు నేర్పిన చదువుకి కృతజ్ఞుణ్ని. అంతే. మాస్టారు దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని అక్షరం అక్షరం వెతికాడు. ఎక్కడైనా ఒక తప్పు దొరికితే దిద్దే వంకతో మళ్లీ రాయొచ్చని ఆశపడ్డాడు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

నీతి: ఎదుటివాడి మాట దిద్దేముందు ఆ మాటతో అతను మనల్ని ఏం అడుగుతున్నాడో వినాలి, లేకపోతే తప్పులతో పాటు మనుషులూ పోతారు.