రాతిచేప విషంలో పడ్డ ఆవులింత

ఒకప్పుడు రాతిచేప వీపు మీద ముల్లు లేదు, ఒంట్లో విషం లేదు. ఉన్నదల్లా బద్ధకం. అది మాత్రం ఏడు సముద్రాలకు సరిపడా ఉండేది.

గుల్లలపేట ఒడ్డున, మోకాలి లోతు నీళ్ళలో బండయ్య అనే రాతిచేప ఉండేవాడు. పొద్దున ఎక్కడ పడుకున్నాడో సాయంత్రం అక్కడే ఉండేవాడు. ఒంటిమీద నాచు మొలిచినా దులుపుకునేవాడు కాదు. "దులిపితే మళ్ళీ మొలుస్తుంది కదా" అనేవాడు. అందుకని అందరూ అతన్ని రాయే అనుకున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. కన్నతల్లి కూడా రెండుసార్లు పొరబడింది.

ఆ ఊళ్ళో కాశులమ్మ అని ఒకావిడ చేపలమ్మేది. గంప దించాక కాళ్ళు కడుక్కోవడానికి రోజూ నీళ్ళలోకి దిగేది. ఆమె మడమల పగుళ్ళు ఊరంతా ప్రసిద్ధి. ఒకసారి ఒక పీతపిల్ల వాటిలో దారి తప్పిందని చెప్పుకుంటారు. అలాంటి మడమలు రుద్దుకోవాలంటే మంచి గరుకు రాయి కావాలి. బండయ్య వీపు అందుకే పుట్టినట్టు ఉండేది.

"అమ్మా, నేను రాయిని కాను" అనేవాడు బండయ్య. నీళ్ళ అడుగునుంచి ఆ మాట ఉత్త బుడగలై పైకొచ్చేది.

"ఈ రాయి కింద ఏదో ఊట ఉన్నట్టుందే" అని కాశులమ్మ ఇంకాస్త గట్టిగా రుద్దేది.

మరి చోటు మార్చుకోవచ్చు కదా? మార్చుకోడు. బద్ధకం ఒక కారణం, కబుర్లు అసలు కారణం. కాశులమ్మ తన తోడికోడలు అసిరితల్లిని వెంటబెట్టుకుని వచ్చేది. రుద్దినంతసేపూ ఊరి సంగతులన్నీ చెప్పేది. ఎవరి వలలో పాత చెప్పు పడింది, ఎవరి పులుసు కుక్క కూడా ముట్టలేదు, అన్నీ. బండయ్య చెవులు రిక్కించి వినేవాడు. చేపకు చెవులు బయటికి కనబడవు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

వీపేమో అరిగిపోతోంది. కబుర్లేమో వదలలేడు. చివరికి పీత నరసయ్యను అడిగాడు. ఎదురింటికి వెళ్ళాలన్నా పక్కింటి మీదుగానే వెళ్తాడు కాబట్టి, నరసయ్యకు అందరి విషయాలూ తెలుసు.

"బావా, ఆవిడ కాలు ఆగాలి, నోరు ఆగకూడదు. ఏం చెయ్యను?"

"ముల్లు పెట్టుకో బావా. ముల్లులో కాస్త మంట పెట్టుకో. చురుక్కుమంటే పక్కకి జరిగి మాట్లాడుకుంటుంది" అన్నాడు నరసయ్య. ఇచ్చినవాడి నడక వంకరే గానీ సలహా తిన్నగానే ఉంది.

సముద్రంలో అప్పట్లో బదులు ఇచ్చుకునే అలవాటు ఉండేది. ఇంట్లో ఏది లేకపోయినా పక్కింట్లో ఒక గుల్లెడు అడిగి తెచ్చుకోవడమే. బండయ్య లేచాడు. అతను లేవడం చూసి రెండు చిన్నచేపలు మూర్ఛపోయాయి.

ముందు రొయ్యమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ పాత చొక్కా విప్పి కొత్తది తొడుక్కోవడం తప్ప వేరే పని ఎరగని షోకులాడి. విప్పిన చొక్కాల ముళ్ళన్నీ మూటగట్టి ఇచ్చేసింది. "తీసుకుపో తమ్ముడూ, ఇల్లు ఖాళీ అవుతుంది" అంది.

జెల్లీచేప అక్క గుల్లెడు మంట పోసింది. "ఒక్క చుక్కే వాడు తమ్ముడూ. మిగిలింది తెచ్చి ఇచ్చేయి" అంది.

ఉబ్బుచేప మావయ్య గుల్లెడు వాపు ఇచ్చాడు. "చిటికెడు మించితే ప్రమాదం అల్లుడూ. మొన్న మీ అత్త ఏదో అన్నదని ఉబ్బాను, ఇంకా దిగలేదు చూడు" అన్నాడు.

ఇంటికొచ్చి బండయ్య కలపడానికి కూర్చున్నాడు. చుక్క, చిటికెడు అన్నారు గానీ, చిటికె వెయ్యడానికి చేపకు వేళ్ళుండొద్దూ? "తక్కువై పనిచెయ్యకపోతే మళ్ళీ ఎవడు తిరుగుతాడు?" అనుకుని గుల్లెడు మంటా, గుల్లెడు వాపూ మొత్తం కుమ్మరించాడు. కలిపాడు, కలిపాడు. అలవాటు లేని పని. పేద్ద ఆవులింత వచ్చింది. నోరు మూసేలోపు అతని బద్ధకంలో ఒక ముద్ద జారి విషంలో పడింది.

బండయ్య చూశాడు. తీసెయ్యడానికి బద్ధకించాడు. అలాగే ముళ్ళలో నింపి వీపున గుచ్చుకున్నాడు.

మర్నాడు కాశులమ్మ వచ్చింది. "ఏటే అసిరితల్లీ, మన ఎల్లాజీ పెళ్ళిచూపులకెళ్ళి తలపాగా లేకుండా తిరిగొచ్చాడంట. అసలేటయిందో ఇన్నావా?"

"లేదే, సెప్పు సెప్పు" అంది అసిరితల్లి.

బండయ్య ఊపిరి బిగబట్టాడు.

"పెళ్ళికూతురు పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకొచ్చిందంట. రాగానే ఎల్లాజీ లేచి..." అంటూ కాశులమ్మ ఎడమ మడమ కిందికి వేసింది. "ఓలమ్మో! సచ్చిపోయానే!"

అసిరితల్లి ఆమెను భుజాన వేసుకుని పరుగెత్తింది.

"లేచి? లేచి ఏం చేశాడు?" అని బండయ్య బుడగలు వదిలాడు. ఒడ్డున ఎవరూ లేరు. నరసయ్యను వెనకాలే పంపాడు.

నరసయ్య తిరిగొచ్చేసరికి ముఖంలో రంగు లేదు. "మంట మడమలో మొదలై పిక్కదాకా, పిక్కనుంచి తొడదాకా ఎక్కింది బావా. కాలు నరికెయ్యండర్రా అని అరుస్తోంది."

"అది జెల్లీ అక్కది" అన్నాడు బండయ్య నీరసంగా.

"పాదం గుమ్మడికాయలా ఉబ్బింది. కాలి కడియం కోసి తీశారు."

"మావయ్యది."

"అది సరే. చేతులూ కాళ్ళూ రాళ్ళలా పడిపోతున్నాయి. గుండె ఒక దెబ్బ కొట్టి, రెండోది రేపు కొడదాంలే అన్నట్టుంది. ఊపిరి కూడా తీరిగ్గా వస్తోంది. ఇదెవరిదో నాకు అర్థం కాలేదు."

బండయ్య నాచులోకి ముడుచుకున్నాడు. "అది నాది" అన్నాడు. "ఆవులింతది."

వీపు మీంచి కాలు తియ్యమన్నాడు గానీ ప్రాణం తియ్యమనలేదు కదా. కాశులమ్మ పోతే ఈ ఒడ్డున ఇంక మాటే వినబడదు. బండయ్య గుడ్లు పైకి తేలేసి, "గంగమ్మ తల్లీ, ఈ విషం వెనక్కి తీసుకో!" అని ఏడ్చాడు.

గంగమ్మ ఒక కెరటం ఎత్తి తొంగి చూసింది. "నేనిచ్చానా, తీసుకోవడానికి? నువ్వే వండుకున్నావు, నీ ఒంట్లోనే ఉండనీ. నీ అంతట నువ్వు ఎవరినీ గుచ్చకూడదు. వీపు మీద కాలు వేస్తేనే ముల్లు లేవాలి. ఇప్పుడు చెప్పు, నీకు బొత్తిగా పడనిది ఏది?"

"వేడినీళ్ళు తల్లీ. తలుచుకుంటేనే ఒళ్ళు ముడుచుకుంటుంది."

"అయితే నీ విషానికీ అదే పడదు. కాలు పెట్టి ఉంచగలిగేంత వేడినీళ్ళలో పెడితే మంట దిగుతుంది. గుండెకూ ఊపిరికీ మాత్రం అది చాలదు. వెంటనే వైద్యుడి దగ్గరికి మోసుకుపొమ్మను."

కబురు పట్టుకుని నరసయ్య మళ్ళీ పరుగెత్తాడు. కోడలి కాలికి వేడినీళ్ళు కావాలనగానే కాశులమ్మ అత్త పొయ్యి ముందుకు ఉరికింది. ఆవిడలో అంత హుషారు పెళ్ళినాడు కూడా ఎవరూ చూడలేదు. "కాలు ఓర్చుకునేంత వేడేనమ్మా! ఉడకబెట్టడానికి కాదు!" అని నరసయ్య గోల పెట్టాడు. మసిలే నీళ్ళ గిన్నె పక్కన నిలబడి ఒక పీత అంతసేపు మాట్లాడిందంటే మాటలు కాదు.

మంట దిగింది. కాశులమ్మను మంచంతో సహా వైద్యుడి ఇంటికి మోసుకెళ్ళారు. బతికింది. చాలా రోజుల తర్వాత మొగుడి తోలుచెప్పులు తొడుక్కుని ఒడ్డుకొచ్చి, పొడి ఇసుక మీదే ఆగింది.

"ఒరే బండయ్యా! రాయివి కానని ఒక్క ముక్క సెప్పలేకపోయావా?"

బుడగలు వచ్చాయి.

"సరేలే. నాకోసం గంగమ్మ తల్లిని ఏడుకున్నావంట, ఆ పీత సెప్పింది. అందుకని ఎల్లాజీ సంగతి సెప్తాను, ఇనుకో."

బండయ్య కళ్ళు పైకెత్తాడు. నోరు తెరిచాడు.

"పెళ్ళికూతురు పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకొచ్చిందా, రాగానే ఎల్లాజీ లేచి..." కాశులమ్మ ఆగింది. "ఇక్కడే కదరా గుచ్చావు? నీకు ఇక్కడిదాకే." చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచే రాతిచేపను తొక్కితే మంట నెత్తికెక్కుతుంది, కాలు ఉబ్బుతుంది, గుండెకూ ఊపిరికీ బద్ధకం పడుతుంది. అప్పటినుంచే దాని విషానికి వేడినీళ్ళంటే భయం. అప్పటినుంచే అది కళ్ళూ నోరూ ఆకాశంవైపు పెట్టుకుని, నీళ్ళ అడుగున కదలకుండా పడి ఉంటుంది. ఎల్లాజీ లేచి ఏం చేశాడో గుల్లలపేటలో అందరికీ తెలుసు. దానికి మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.